తెట్టు తీయకండి

మీ ఇంట్లో చేపల తొట్టి ఉందా? నీళ్ళ మీద పలచగా, జిడ్డుగా, లైటు పడితే రంగురంగులుగా మెరిసే తెట్టు కట్టిందా? అయితే మీరు అదృష్టవంతులు. దయచేసి దాన్ని తీయకండి.

నవ్వకండి. నేను చదివింది ఊరి బడిలోనే కావచ్చు. ఈ విషయంలో మాత్రం నాకున్న అనుభవం మీకు లేదు. మా హాల్లో తొట్టికి తెట్టు కట్టి ఏడాది కావస్తోంది. అంటే, మా ఆవిడ చనిపోయిన వారం నుంచీ.

లాభాలు చెబుతాను, వినండి. తెట్టు కింద నీళ్ళు తొందరగా ఆవిరి కావు. మగ్గుతో పోసే పని తప్పుతుంది. దుమ్ము పడినా పైనే ఆగుతుంది. ఇక చేపలంటారా, కింద గాలి ఆడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. రాళ్ళ సందుల్లో దాక్కునే పిరికివి కూడా దర్శనమిస్తాయి. పక్క ఫ్లాట్ పిన్నిగారు చూసి, మనిషి అలికిడికే పైకొచ్చేస్తున్నాయి, ఎంత మాలిమి అయ్యాయో అని మురిసిపోయారు. ఊపిరాడని జీవిని చూసి మర్యాద తెలిసిందనుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలి!

రెండోది విజ్ఞానం. మా చుట్టాల్లో ఇంతమంది శాస్త్రవేత్తలున్నారని తెట్టు కట్టేదాకా నాకు తెలియదు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి అది ప్రోటీన్ అన్నాడు. అంత బలమైన ఆహారమైతే తీయడం దేనికి? అయినా నీళ్ళ పైపొరను లాగేసే మిషన్ తెప్పించాడు. అది తెట్టును వదిలేసి ఒక చేపపిల్లను లాగింది. మిషన్ అటకెక్కింది, పిల్ల చెత్తబుట్టలోకి పోయింది. మా కోడలు వంటింటి పొగ వల్ల అంది. తలుపు మూయించింది. వాళ్ళ అన్నయ్య మేత ఎక్కువైందన్నాడు. చేపలు పస్తులున్నాయి. తెట్టు మాత్రం ఒళ్ళు చేసింది.

మూడోది అన్నిటికన్నా గొప్ప లాభం. పలకరింపుకొచ్చినవాళ్ళ అవస్థ మీరెప్పుడైనా గమనించారా? చేతులెక్కడ పెట్టుకోవాలో, చూపెక్కడ నిలపాలో తెలియదు. మా ఇంట్లో ఆ బాధ లేదు. చెప్పులు విప్పగానే తొట్టి. తల వంచి నీళ్ళు చూడొచ్చు, నిట్టూర్చొచ్చు, ఒక సలహా పారేసి టీ తాగి లేవొచ్చు. నా బావమరిది ఉన్నాడు. మా ఆవిడకు సొంత తమ్ముడు, ఆవిడ చంకన పెరిగినవాడు. వచ్చిన ప్రతిసారీ తొట్టి మీదకు వంగి ఫిల్టర్ల గురించి ఉపన్యాసమిచ్చి వెళ్ళాడు. అక్క మాట ఒక్కటీ ఎత్తలేదు. ఇంతకన్నా సుఖమైన పరామర్శ ఎక్కడైనా ఉందా?

ఇంతమందిలో ఎవరికీ ఒక చిన్న అనుమానం రాలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ తెట్టు ఎందుకు లేదు?

నాకు తెలుసు. రోజూ చూసినవాణ్ణి. చెప్పలేదు. అడగనివాళ్ళకు చెప్పడం నా అలవాటు కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గరిటెతో నీళ్ళు కలియబెట్టి చేపల ప్రాణం నిలబెట్టాను. అంతకుమించి వేలు పెట్టలేదు.

మొన్న మా అబ్బాయి విసిగిపోయి, తొట్టిని చేపలతో సహా ఎవరికో ఇచ్చేద్దామన్నాడు. హాలు విశాలమవుతుందట. నాకూ శ్రమ తగ్గుతుందట. నేను పేపర్లోంచి తలెత్తలేదు. నీళ్ళు తోడడానికి బకెట్ తెచ్చిన కోడలు, దాన్ని తొట్టి ముందు పెట్టి, నా వైపు తిరిగింది.

"మామయ్యా, అత్తయ్య దీన్ని ఏం చేసేవారు?"

ఇన్నాళ్ళకు ఒక మనిషి అడిగింది.

చెప్పాను. పొద్దున్నే ఆవిడ ఒక టిష్యూ కాగితాన్ని నీళ్ళ మీద పరిచేది. తడిసేదాకా ఆగి, నిద్రపోతున్న పసిపిల్ల మీది దుప్పటి తీసినట్టు, మూల పట్టుకుని మెల్లగా ఎత్తేది. తెట్టు కాగితంతో వచ్చేసేది. ఫిల్టర్ మూతి పైకి తిప్పి ఉంచేది, పైనీళ్ళు కదులుతూ ఉండడానికి. ఆ గలగలకు నిద్ర పట్టడం లేదని ఆవిడ చనిపోయిన వారంలో దాన్ని కిందికి తిప్పింది మా అబ్బాయే.

కోడలు పరిచిన మొదటి కాగితం చిరిగింది. రెండోది వచ్చింది.

"మిషన్ కొన్నప్పుడైనా చెప్పకపోయారా మామయ్యా?"

"అప్పుడు మీరు ఫోన్‌ని అడిగారమ్మా."

తొట్టి ఇంట్లోనే ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. చేపలు రాళ్ళలోకి పోయాయి. కథ సుఖాంతం అంటారా? తొందరపడకండి.

నిన్న బావమరిది వచ్చాడు. చెప్పులు విప్పి, అలవాటుగా తొట్టి మీదకు వంగాడు. నీళ్ళున్నాయి, అంతే. పాపం, మాట్లాడ్డానికి ఏమీ దొరకలేదు. ఫ్యాను చూశాడు. కిటికీ చూశాడు. నేను సాయం చేయలేదు. చివరికి తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"ఈ గుండీ అక్కే కుట్టింది బావా" అన్నాడు.

అంతే. ఇంత మనిషీ టీ కప్పు చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా అబ్బాయికి అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేను లేచి వెళ్ళి బావమరిది పక్కన కూర్చోవాల్సి వచ్చింది. పొద్దుపోయేదాకా అక్క సంగతులే. టీ మళ్ళీ మళ్ళీ కాచాల్సి వచ్చింది. ఒక కాగితం ముక్క చేసిన నిర్వాకం ఇది.

అనుభవంతో చెబుతున్నాను, మీరు మాత్రం తీయకండి. వాడు ఆదివారం మళ్ళీ వస్తాడట. చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయట.