అనాథ దస్తూరి

సోమవారం పొద్దున జోగారావు గారి దస్తూరి బ్యాంకులో చనిపోయింది. చీటీ మీద తన పేరు రాయబోతే 'జో' దగ్గర ఎగశ్వాస వచ్చి, 'గా' సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత కలంలోంచి సిరా వచ్చింది గానీ అక్షరం రాలేదు. కౌంటరులో అమ్మాయి తొంగిచూసి, "అయ్యో, మీది కూడానా అంకుల్" అని, వెనకవాళ్ళని పక్క వరసలోకి వెళ్ళమంది.

మున్సిపాలిటీ బండి తొందరగానే వచ్చింది. ఈమధ్య అది బ్యాంకుల చుట్టూనే తిరుగుతోందట. అందులో వచ్చిన డాక్టరు గారు చీటీని అటూ ఇటూ తిప్పి, ఆఖరిసారి ఎప్పుడు రాశారని అడిగారు. రోజూ సంతకాలు పెడుతూనే ఉన్నానని జోగారావు గారు చెప్పుకున్నారు.

"సంతకం దస్తూరి కాదండీ, అలవాటు" అన్నారు డాక్టరు గారు. మరణకారణం గడిలో 'వాడకం లేక' అని టైపు చేసుకున్నారు. నిద్రలోనే పోయింది, బాధేమీ పడలేదని ధైర్యం కూడా చెప్పారు.

దాన్ని శవాల గదినుంచి ఇంటికి తెచ్చుకుని చేయవలసినవి చేసుకోవాలంటే నిబంధన ఒక్కటే. ఈ దస్తూరి ఫలానావారిదేనని చూడగానే పోల్చగలిగే మనుషులు ఇద్దరు రావాలి. సొంతదారు మాట చెల్లదు, ఎవరి దస్తూరి మీద వాళ్ళకి మమకారం ఉంటుంది గనక. గురువారం సాయంత్రంలోగా ఎవరూ రాకపోతే అనాథ కింద రాసుకుని, ఊరి చివర మిగతావాటితో కలిపి పూడ్చేస్తారు.

ఇద్దరేమిటి, ఇరవైమందిని తెస్తానన్నారు జోగారావు గారు. అందులో డాబేమీ లేదు. ఒకప్పుడు వాళ్ళ వీధిలో ఏ ఇంట పెళ్ళైనా శుభలేఖల కవర్ల మీద పేర్లు రాసింది ఆయనే. అరుగు మీద చాప వేసి, కాఫీ మీద కాఫీ ఇచ్చి మరీ రాయించుకునేవారు. ఆయన 'శ్రీ' చుట్టే తీరు చూసి, ముత్యాలు పేర్చినట్టుందండీ అనని ఇల్లాలు లేదు.

ముందు భార్య హైమావతి గారిని తీసుకెళ్ళారు. శవాల గది మనిషి తెల్లగుడ్డ తొలగించాడు. బల్ల మీద దస్తూరి వెల్లకిలా పడుకుని ఉంది. సిరా నల్లబడింది, దీర్ఘాలు కాస్త వాచాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపే చూశారు. అబద్ధమాడే మనిషి కాదావిడ.

"మీదే అయ్యుంటుంది. నేనెలా చెప్పనండీ? పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక్క ఇంట్లోనే ఉన్నాం. మీరు నాకు ఎప్పుడు రాశారు గనక?"

"సరుకుల చీటీ రాసేవాణ్ణి కదా హైమా!"

"అది కొట్టువాడికి రాశారు. నాక్కాదు."

కోపంగా అనలేదు ఆవిడ, ఉన్నమాట అన్నారు. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరూ ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నారు.

మర్నాడు భీమశంకరం గారు వచ్చారు. ఉద్యోగమున్నంత కాలం ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. ఇప్పటికీ తెల్లారితే చాలు, ఒకరికొకరు దండం బొమ్మ పంపుకోకుండా పళ్ళు తోముకోరు.

"ఒరేయ్ జోగీ, నువ్వు టైపు కొడితే చీకట్లో పోలుస్తాను. వాక్యం చివర మూడు చుక్కలు పెట్టి వదిలేస్తావు. దీనికి చుక్కలేవిరా?" అన్నారాయన. మళ్ళీ ఆయనే చెవిలో, "పోన్లే, నీదేనని చెప్పేస్తాను, నా సొమ్మేం పోయింది" అన్నారు.

ఇలాంటి స్నేహితుల కోసమే అక్కడొక పరీక్ష పెట్టారు. నాలుగు దస్తూరులు వరసగా పడుకోబెట్టి, మీవాడిది ఏదో చూపించమంటారు. భీమశంకరం గారు తడుముకోకుండా మూడోది చూపించి, "ఇదే! ఈ వంకర నాకు తెలీదూ?" అన్నారు.

శవాల గది మనిషి దాని కాలికి కట్టిన చీటీ చూశాడు. "ఇది భీమశంకరం గారిదండి. మొన్న శుక్రవారం పోయింది. మీకు మెసేజీ పెట్టారు కదండీ."

"చూళ్ళేదు" అన్నారు భీమశంకరం గారు. కాసేపు దాని పక్కనే నిలబడ్డారు. తర్వాత, మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలి అని ఇంటికి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది వీధి. జోగారావు గారు ఇల్లిల్లూ తిరిగారు. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు, బీరువాలు తీసి వెతికారు కూడా. శుభలేఖలు భద్రంగానే ఉన్నాయి, కానీ లోపలిదంతా అచ్చు. ఆయన రాసింది కవరు మీద. కవరు ఎవరు దాచుకుంటారండీ, అన్నారు. అదీ నిజమే.

గురువారం సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. దస్తూరిని మూటగట్టి బండిలో పెడుతుంటే జోగారావు గారికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన దగ్గర్నుంచి వెంట ఉన్నది, ఇంత దిక్కులేకుండా పోతుందనుకోలేదు ఆయన. అప్పగించినట్టు రసీదు మీద వేలిముద్ర వేశారు.

శవాల గది మనిషి ట్యాబ్ ఇటు తిప్పాడు. "ఎలాగూ వచ్చారు కదా బాబూ, మీదీ ఇప్పుడే ఎక్కించేస్తాను. కొత్త రూలు. రేప్పొద్దున మీరు పోతే, మొహం చూసి పోల్చేవాళ్ళు ఇద్దరి పేర్లు చెప్పండి."

"హైమావతి. మా ఆవిడ."

"ఆవిడ మీ మొహంలోకి ఆఖరున ఎప్పుడు చూశారు బాబూ?"

జోగారావు గారు ఆలోచించారు. నిన్ననో మొన్ననో చూసే ఉంటుందని అనబోయి, పరీక్షలో దొరికిపోతామని ఆగిపోయారు. ఫోను తీసి, పేర్లన్నీ పైనుంచి కిందికి తోసుకుంటూ పోయారు. చాలా పేర్లున్నాయి. అడుగుదాకా వెళ్ళి, ఫోను జేబులో పెట్టుకున్నారు.

"మీ పేరేమిటండీ?"

"సన్యాసిరావు."

"అదే వేసుకోండి."

"రెండు చోట్లానా బాబూ?"

"రెండు చోట్లా."

"పర్లేదు లెండి, అందరూ నా పేరే ఇస్తున్నారు" అన్నాడు సన్యాసిరావు. "ఏదీ, ఒకసారి ఇలా కిటికీ దగ్గరకి రండి. చూసి పెట్టుకుంటాను."

జోగారావు గారు కిటికీ దగ్గరకి వెళ్ళి, చేత్తో జుట్టు సర్దుకుని, కదలకుండా నిలబడ్డారు.