నాలుగు సెకన్లను ఆపే విభాగం

లైన్‌మన్ నిచ్చెన మీద ఉన్నాడు. అతని కటింగ్ ప్లేయరు తీగ మీద ఉంది. కింద కోడిపిల్లలమ్మే ఆవిడ ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది. తెర మీద ఆకుపచ్చ టిక్కు, దాని కింద 'మీ చెల్లింపు విజయవంతమైనది' అన్న అభినందన.

"కట్టాను తమ్ముడూ! సోమవారమే కట్టాను. ఇవాళ గురువారం!"

"మీరు కట్టలేదన్నానా అక్కా? మాకు చేరలేదంటున్నా. అది వేరు, ఇది వేరు."

లోపల ఇంక్యుబేటర్లో ఆరొందల గుడ్లు ఇరవయ్యో రోజులో ఉన్నాయి. కరెంటుంటే రేపటికి పిల్లలు. లేకపోతే ఇవాళ సాయంత్రానికి చెత్త. ఆవిడ ఏడాది సంపాదన మొత్తం ఆ పెంకుల్లోనే ఉంది.

లైన్‌మన్ దయగలవాడు. "గంట టైమిస్తాను. ఈలోగా టీ తాగొస్తా" అని దిగాడు.

ఆవిడ కరెంటాఫీసుకి పరుగెత్తింది. మొదటి కౌంటర్లో డబ్బు చేరలేదని తేలింది. రెండో కౌంటర్లో, చేరింది గానీ అందలేదని తేలింది. మూడో కౌంటరు భోజనానికి వెళ్ళింది. నలభై నిమిషాలు కరిగిపోయాక ఎవరో మేడ మీదికి వెళ్ళమన్నారు.

మేడ మీద బోర్డు: 'ఎలక్ట్రానిక్ చెల్లింపుల త్వరిత విభాగం'. లోపల నలభై కంప్యూటర్లు, నలభైమంది ఉద్యోగులు. ప్రతి తెరా ఒకటే అడుగుతోంది: 'సొమ్ము చేర్చమంటారా?' ప్రతి ఉద్యోగీ శ్రద్ధగా 'ఇప్పుడు కాదు' నొక్కుతున్నాడు.

సూపర్వైజరుగారు లేచి నిలబడి వివరించారు.

"అమ్మా, ఇది ఉత్త యంత్రం. వదిలేస్తే నాలుగు సెకన్లలో చేర్చేస్తుంది. దాన్ని మూడు పనిదినాలు ఆపడమంటే మాటలా? మా వాళ్ళ వేళ్ళు అరిగిపోతున్నాయి. పోయిన నెల ఒకమ్మాయి పరధ్యానంగా 'సరే' నొక్కేసింది. పదకొండుమంది బిల్లులు సమయానికి చేరిపోయాయి. సస్పెండ్ చేయక తప్పలేదు, పాపం."

"ఎందుకండీ ఆపడం?"

"ఆపితేనే కదా ఆలస్య రుసుము! వీళ్ళ జీతాలు అందులోంచే."

"అంటే, ఆపినందుకు జీతం, జీతం కోసం ఆపడం!"

"ఎంత చక్కగా గ్రహించారు! మంత్రిగారికి రెండు వారాలు పట్టింది."

ఆవిడ గడియారం చూసుకుంది. ఇంకా ఎనిమిది నిమిషాలే ఉంది. "నా గుడ్లు పోతాయి బాబూ!"

"అయ్యో, ముందే చెప్పరేం? ఇవాళే కొత్త సదుపాయం పెట్టాం. 'ఆపకుండా ఉండే రుసుము'. బిల్లులో సగం. అది కడితే మేం ఏ పనీ చెయ్యం. యంత్రం దాని దారిన అది పోతుంది. నగదే ఇవ్వాలి సుమండీ, ఫోన్లో కడితే ఆలస్యమవుతుంది."

ఆవిడ పర్సు దులిపింది. రసీదు చేతికొచ్చింది. ఒక ఉద్యోగి మీట మీంచి వేలు తీశాడు. నాలుగు సెకన్లు. ఫోను మోగింది. లైన్‌మన్.

"చేరిందక్కా. నిచ్చెన పట్టుకెళ్ళిపోతున్నా."

గుడ్లు దక్కాయి. అప్పుడొచ్చింది ఆవిడకి కోపం.

"అసలీ దిక్కుమాలిన దోపిడీకి కారకుడెవడు? పేరు చెప్పండి! ఊరంతా చాటిస్తాను!"

వెనకాల క్యూ కట్టిన పాతికమందీ గొంతు కలిపారు. "చెప్పాల్సిందే! పేరు చెప్పాల్సిందే!" అంటూనే ఆవేశంగా పర్సులు తీశారు. "సగమేనాండీ? చిల్లరుందా?"

సూపర్వైజరుగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. పై నుంచి వచ్చిన ఉత్తర్వు తీశారు.

"జనం ఒప్పుకోరేమోనని పైవాళ్ళకి భయం. అందుకని ఇవాళ ఒక్కరోజు పరీక్ష. సాయంత్రందాకా ఒక్కరూ కట్టకపోతే ఈ రుసుమూ రద్దు, మా విభాగమూ రద్దు. ఒక్కరు కట్టినా రెండూ శాశ్వతం. అలా కట్టిన కారకుల పేర్లు మేమే పైకి పంపాలి."

కళ్ళజోడు సవరించుకుని, అందరికీ వినబడేలా గుమాస్తాకి చెప్పారు.

"రాసుకోవయ్యా. ఒకటి, కోడిపిల్లలావిడ. రెండు..."

తలెత్తి క్యూ వైపు చూశారు.

"మీ పేరండీ?"