వంతెన లేచిన ఉదయం

ఆ శనివారం లోర్న్ ప్లాను చాలా చిన్నది. పదింటికి కాలువలోకి వచ్చే మూడు స్తంభాల తెరచాప ఓడను ఫొటో తీసుకోవడం, ఆ తరువాత ఏమీ ఎరగనట్టు అత్తగారి పుట్టినరోజుకు వెళ్ళడం. కానీ భార్య జినెట్ తొమ్మిదిన్నరకే కాలువ అవతల, అత్తగారింట్లో ఉండాలంది. మంచి కోటు వేసుకోమంది. ఎందుకని అడగొద్దంది.

ఓడ సంగతి చెబితే ఒప్పుకునేదేమో. కానీ ఒప్పుకుంటుందనుకుంటే బతిమాలడం నామోషీ, ఒప్పుకోదనుకుంటే భయం. ఈ రెండింటి మధ్య నలిగే మనిషికి అబద్ధం విశ్రాంతి గది లాంటిది.

వాళ్ళ ఊరు పోర్ట్ కోల్‌బోర్న్‌లో ఆ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఓడ వచ్చినప్పుడల్లా కాలువ మీది వంతెన పైకి లేస్తుంది, రోడ్డు ఆగిపోతుంది. పెళ్ళికొడుకైనా పళ్ళ డాక్టరైనా ఆలస్యానికి చెప్పే కారణం అదొక్కటే. ఎవరూ ఆరా తీయరు.

"వంతెన లేచింది," అన్నాడు లోర్న్ ఫోనులో, ఒడ్డున స్టాండు మీద కెమెరా బిగిస్తూ.

"మళ్ళీనా! మెయిన్ వీధి వంతెన మీంచి రా," అంది జినెట్.

"అదీ లేచింది."

"రెండూనా? ఉండు, అమ్మ మాట్లాడుతుందట."

అత్తగారు ఎవోన్ ఫోనందుకుంది. "బాబూ, తినడానికి తీపి టార్టులు కొనుక్కుని మేం ఇప్పుడే వంతెన దాటొచ్చాం. హాయిగా పడుకునే ఉందే!"

"ఇప్పుడే దిగిందత్తయ్యా. నా కారే కదలట్లేదు."

"అదెంత పని! మీ పక్కింటి ముర్రే దగ్గర తాడుందిగా, లాక్కొస్తాడు. పంపిస్తానుండు."

ముర్రే పేరు వినగానే లోర్న్‌కు చెమట పట్టింది. ముర్రే తాడుతో ఒక్కడే రాడు, కెమెరాతో వస్తాడు. ఊరి లైబ్రరీ గోడ మీద ఏటా వేలాడేది ముర్రే తీసిన ఓడ ఫొటోనే.

"వద్దొద్దు! కారు బాగానే ఉంది. దిగుతుంటే నా కాలు బెణికింది. డాక్టరు కదలొద్దన్నాడు."

"నడిరోడ్డు మీద డాక్టరెక్కణ్ణుంచి ఊడిపడ్డాడయ్యా?"

"వెనక కారులో ఆయనే."

మళ్ళీ జినెట్ గొంతు వినిపించింది, కొంచెం దిగులుగా. "సరేలే. నీ బదులు ముర్రేని తీసుకెళ్తాం."

లోర్న్ పొంగిపోయాడు. మంచి కోటంటే హోటల్ భోజనమే అయ్యుంటుంది, పోతే పోనీ. ముర్రే తింటే తిననీ! ఈ ఏడు ఒడ్డంతా తనదే. అంత తృప్తిలోనూ చీలమండ నిజంగానే కాస్త లాగినట్టనిపించింది. అతను దాన్ని జాలిగా నిమురుకున్నాడు.

వంతెన లేచింది. తెరచాపలు చుట్టుకుని, ఇంజను మీద మెల్లగా, చెట్లకంటే ఎత్తుగా ఓడ వచ్చింది. ఒడ్డున జనమంతా చేతులు ఊపుతున్నారు. లోర్న్ ఊపిరి బిగబట్టి లెన్సును ముందు స్తంభం మీదికి తిప్పాడు. స్తంభం కింద ఎర్ర టోపీతో అత్తగారు టార్టు తింటోంది. పక్కన జినెట్. ఆ పక్కన, ఒడ్డు మీద ఎవరికీ ఏ జన్మకూ దొరకని చోట వెల్లకిలా పడుకుని, తాళ్ళ మధ్యనుంచి ఆకాశాన్ని ఫొటో తీస్తున్న ముర్రే.

ఫోను మోగింది. లెన్సులో జినెట్ చెవి దగ్గర ఫోను కనిపించింది.

"కాలెలా ఉంది?"

"నొప్పిగానే ఉంది," అన్నాడు లోర్న్. నోటికి అదే అలవాటైపోయింది.

"మరి నిలబడ్డావేం? కూర్చో."

అతను గడ్డిలో కూలబడి చీలమండ పట్టుకున్నాడు.

"పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, అమ్మ ఇదే అడిగింది. ఓడెక్కాలి, అల్లుడు తనని ఫొటో తీయాలి అని. నీకు చెప్పకుండా దాచలేక చచ్చాను."

ఇంతలో అత్తగారు ఫోను లాక్కుంది. కోపంగా లేదు, పగలబడి నవ్వుతోంది. "కుంటి అల్లుడూ, కదలకు! ముర్రే నిన్ను తీస్తున్నాడు!"

ఆ ఏడు లైబ్రరీ గోడ మీద ఓడ లేదు. చేతులు ఊపే జనం మధ్య కాలు పట్టుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. ముఖంలోని ప్రతి గీతా స్పష్టంగా పడిందని, ఫొటో పరంగా వంక పెట్టడానికేమీ లేదని లోర్న్ కూడా ఒప్పుకున్నాడు.