కారులో కాపురం

ఆ శనివారం ఉదయం క్లైవ్ ఆర్మరాడ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగి కారు కడగాలి, భోజనంవేళకి ముగించాలి, సాయంత్రం దాన్ని ఒకసారి ఇంగ్లండ్‌లోని తమ ఊరు క్లితరో వీధుల్లో తిప్పి తీసుకురావాలి. సోమవారం సామాన్ల లారీ వస్తుంది. ముందు కారు, దాని వెనక ఇంటి సామాను ఒకే కంటెయినర్లో ఎక్కి, ఓడలో న్యూజిలాండ్ చేరతాయి. క్లైవ్, అతని భార్య హిలరీ ఆ వారంలోనే విమానం ఎక్కుతారు. తిమారు అనే ఊళ్ళో పాలపొడి ఫ్యాక్టరీలో క్లైవ్‌కి ఇంజినీరు ఉద్యోగం దొరికింది.

కారు పాతకాలపుది. వెనక సగం చెక్క చట్రంతో కట్టింది. అక్కడ కార్లు దొరకవా అని హిలరీ చాలాసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ క్లైవ్ చెక్కకి వార్నిష్ వేయాల్సిన సంగతి గుర్తొచ్చినట్టు లేచి షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. చివరికి ఆమె అడగడం మానేసింది, కారేమో మిలమిలలాడుతోంది.

అయితే ఓడకి సామాను పంపే కంపెనీ ఆవిడ ఫోన్లో ఒకటికి మూడుసార్లు హెచ్చరించింది. న్యూజిలాండ్ వాళ్ళకి శుభ్రత మీద మహా పట్టింపు. కారులో చిటికెడు మట్టి, ఒక్క గడ్డి గింజ, ఒక్క ఈక కనబడినా వెనక్కి పంపేస్తారు. క్లైవ్ దీన్ని తన పరువుకి సంబంధించిన విషయంగా తీసుకుని, పళ్ళు తోముకునే బ్రష్‌లు అరడజను, చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలు ఒక డబ్బా కొనిపెట్టుకున్నాడు.

బకెట్టు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాడు. వార్నిష్ ఆరాలని షెడ్డు తలుపూ, కారు వెనక తలుపులూ కొన్నాళ్ళుగా బార్లా తెరిచే ఉంచాడు. లోపల సీటుకీ చెక్క చట్రానికీ మధ్య మూలలో ఏదో చెత్త కనిపించింది. ఎండుటాకులు, నాచు, కుక్క వెంట్రుకలు. తీసి పారేద్దామని చెయ్యి పెట్టాడు. ముక్కు పక్క నుంచి ఏదో రివ్వున ఎగిరిపోయింది. చెత్త మధ్యలో ఎర్రచుక్కల గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

"హిలరీ, ఒకసారి ఇలా రా."

"ఏం, ఇంకో బకెట్టు కావాలా?"

"బకెట్టు కాదు."

హిలరీ వచ్చి చూసింది. కంచె మీద ఎర్ర రొమ్ము రాబిన్ పిట్ట ఒకటి కూర్చుని వాళ్ళిద్దరినీ నిలదీస్తున్నట్టు చూస్తోంది. ఇన్నేళ్ళూ పెరట్లో తను పిట్టల కోసం చక్కటి చెక్క పెట్టె వేలాడదీస్తే ఒక్కటీ తొంగిచూడలేదని హిలరీ నొచ్చుకుంది. తర్వాత ఆ గూడుని మెల్లగా పొదలోకి మార్చవచ్చేమో కనుక్కుందామని, మంచి మనసుతోనే, ఊళ్ళోని పక్షి ప్రేమికుల సంఘానికి ఫోన్ చేసింది. ఆ రోజు జరిగిన తప్పు ఏదైనా ఉంటే అది ఇదే అని క్లైవ్ ఇప్పటికీ అంటాడు.

కాసేపటికల్లా సంఘం తరఫున మిస్ ఎనిడ్ థ్రెల్‌ఫాల్ సైకిలు మీద దిగింది. బడిలో పెద్దపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, మెడలో బైనాక్యులర్స్. పిట్ట గుడ్లు పెట్టిన గూడుని ముట్టుకోవడం చట్టప్రకారం నేరమని చెప్పింది.

"గూడుని ముట్టుకోనండి," అన్నాడు క్లైవ్. "కారునే జరుపుకుంటాను."

"గూడు ఎక్కడుంది?"

"కారులో."

"మరి? ఆలోచించి చెప్పండి."

క్లైవ్ ఆలోచించి తల దించుకున్నాడు. ఆవిడ షరతులన్నీ వినిపించింది. కారు తలుపులు మూయకూడదు. కడగకూడదు. షెడ్డులో సుత్తి చప్పుడు వినిపించకూడదు. పక్కింటి డెరెక్ గారి పిల్లి ఆ ఛాయలకి రాకుండా చూడాలి. "ఆవిడకి మనశ్శాంతి ముఖ్యం," అంది. పిట్టని ఆవిడ అనడం మిస్ థ్రెల్‌ఫాల్‌కి అలవాటు. రోజూ వచ్చి "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడుగుతూంటే క్లైవ్‌కీ అదే అలవాటైంది.

సోమవారం లారీ వచ్చింది. కంటెయినర్ మళ్ళీ దొరకదు, ఆపడానికి వీల్లేదు. కారు లేకుండానే సామాను ఎక్కించమన్నారు. కారు పట్టాల్సిన చోటు ఖాళీగా ఉండడం చూసి హిలరీ తన తల్లి నాటి బీరువా, రెండు సోఫాలు, పియానో, చోటు లేదని క్లైవ్ వద్దన్న ప్రతి వస్తువునీ ఎక్కించింది. ఆ ఉత్సాహానికి పనివాళ్ళు కూడా ఊపందుకుని మంచం, పొయ్యి, టీ కెటిలు, క్లైవ్ ఆఖరి కప్పు టీ తాగుతున్న కుర్చీ కూడా ఎక్కించేశారు. అతను నిలబడే తాగాడు.

మిగిలినవి విమానంలో తీసుకెళ్ళే రెండు పెట్టెలు. ఇంగ్లండ్‌లో ఎండలు మొదలవుతున్నప్పుడు న్యూజిలాండ్‌లో చలి మొదలవుతుంది కదా అని హిలరీ వాటినిండా ఉన్ని బట్టలే సర్దింది. కారుని వదిలి కదలనని క్లైవ్ పట్టుబట్టడంతో ఆ వేసవిలో దంపతులిద్దరూ ఖాళీ ఇంట్లో అరువు తెచ్చుకున్న గాలి పరుపు మీద పడుకుని, పొద్దున్నే ఉన్ని స్వెట్టర్లు తొడుక్కుని, డెరెక్ గారి ఇంటికి టీ కోసం వెళ్ళేవారు. డెరెక్ టీ ఇచ్చేవాడు గానీ, తన పిల్లిని దొంగలా చూస్తున్నారని ముభావంగా ఇచ్చేవాడు.

ఇక ఫ్యాక్టరీకి చెప్పాలి. క్లైవ్‌ పైఅధికారి పేరు రావిరి, మనసున్న మనిషి. ఫోన్ లైను మాత్రం గరగరలాడుతోంది.

"రావడం కొంచెం ఆలస్యమయ్యేట్టుందండి," అన్నాడు క్లైవ్. "మా కారులో రాబిన్ ఉంది. రేపో మాపో పిల్లలు. ఆవిడని కదిలిస్తే నేరమంటున్నారు."

రాబిన్ అన్నది ఆ దేశాల్లో ఆడవాళ్ళకి పెట్టుకునే పేరు కూడా.

"కారులోనే ఉంటోందా?" అన్నాడు రావిరి మెల్లగా.

"కారులోనే. వెనక సీటు పక్కన."

"భర్త ఉన్నాడా?"

"ఉన్నాడు పాపం. మంచివాడే. అస్తమానం కంచె మీదే ఉంటాడు. ఆవిడకి తిండి తెచ్చిపెడుతుంటాడు."

"మీ ఇంట్లోకి తీసుకెళ్ళకూడదా, క్లైవ్?"

"ముట్టుకుంటే బెదిరిపోయి అన్నీ వదిలేసి వెళ్ళిపోతుందట."

ఉద్యోగం ఎక్కడికీ పోదని, ముందు ఆ తల్లిని చూసుకోమని రావిరి చెప్పాడు. క్లైవ్ ఫోన్ పెట్టేసి, ఆ దేశంవాళ్ళకి పిట్టలంటే ఇంత ప్రేమ అనుకోలేదని హిలరీతో అన్నాడు. హిలరీకి కళ్ళు చెమర్చాయి. తిమారులో సంగతి వాళ్ళకి తెలియదు. రావిరి ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఈ కథ చెప్పాడు, క్యాంటీన్ నుంచి ఊళ్ళోకి పాకింది, ఊరి పత్రికవాళ్ళు మొదటి పేజీలో వేశారు. నిలువ నీడలేని నిండు గర్భిణికి తన సొంత కారు ఇచ్చేసి ప్రయాణం మానుకున్న ఇంజినీరు మన ఊరికి రాబోతున్నాడని రాశారు.

గుడ్లు పిల్లలయ్యాయి. క్లైవ్ షెడ్డు వాకిట్లో తిరగేసిన బకెట్టు మీద, మందపాటి స్వెట్టరులో చెమటలు కక్కుతూ, పిల్లికి కాపలా కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం పెద్ద పార్సిల్ వచ్చింది. విప్పితే చేత్తో అల్లిన ఉన్ని టోపీలు, మేజోళ్ళు, బుల్లి దుప్పట్లు. పైన ఒక కార్డు: రాబిన్‌కి, పిల్లలకి, తిమారు నుంచి ప్రేమతో.

క్లైవ్ ఆ బుల్లి మేజోళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి రావిరికి ఫోన్ చేశాడు.

"చాలా సంతోషమండి. కానీ ఇవి వాటికి పెద్దవవుతాయి."

"నెలలు నిండకుండా పుట్టారా?"

"రావిరి గారూ," అన్నాడు క్లైవ్, "వాటికి రెక్కలొస్తున్నాయి."

తిమారులో రావిరి తన బల్ల మీదున్న ఊరి పత్రికని తీసి సొరుగులో పెట్టేశాడు.

రావిరి మంచివాడు కాబట్టి తిట్టలేదు. కానీ ఊళ్ళో ముసలమ్మలు ఇంకా టోపీలు అల్లుతూనే ఉన్నారు, నిజం చెప్పక తప్పదన్నాడు. క్లైవ్ నుంచి ఒక ఫోటో తెప్పించుకున్నాడు. పత్రికవాళ్ళు ఈసారి మొదటిదానికంటే పెద్దగా వేశారు. నిగనిగలాడే కారు, అందులో గూడు, గూట్లోంచి తెరుచుకున్న నోళ్ళు. కింద, ఈ కారు త్వరలో మన రేవులోనే దిగబోతోంది అని ఒక వాక్యం. ఆ వాక్యాన్ని చదివి అందరూ నవ్వుకున్నారు. రేవులో తనిఖీ చేసేవాళ్ళు మాత్రం దాన్ని కత్తిరించి గోడకి అంటించుకున్నారు.

చివరికి ఒక ఉదయం పిల్లలన్నీ ఎగిరిపోయాయి. మిస్ థ్రెల్‌ఫాల్ గూడు తీసేయడానికి అనుమతి ఇచ్చింది. క్లైవ్ ఆనందంగా బకెట్టు నింపుకుని వచ్చి, ముందు స్టీరింగు వైపు నుంచి మొదలుపెడదామని వంగాడు. స్టీరింగు కింద సామాన్లు పెట్టుకునే అరలో కొత్త నాచు, కొత్త ఆకులు. వాటి మీద రాబిన్ గారు. ముందు కాన్పు పిల్లల్ని మొగుడికి ఒప్పగించి, రెండో కాన్పుకి గది మారింది. తలుపులన్నీ తెరిచి ఉంచమన్నది ఎవరో ముగ్గురికీ తెలుసు. ఒకరు మాత్రం, ఒక కారులో రెండు గూళ్ళు తన అనుభవంలో లేవని, ఆర్మరాడ్ దంపతులు ధన్యులని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం హిలరీ పెట్టె సర్దుకుంది.

"నువ్వూ రా, లేదా ఉండు," అంది. "నేను మాత్రం వెళ్తున్నా."

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు హిలరీ."

"క్లైవ్, ఆ పిట్టకి మొగుడు నోట్లో పెడుతున్నాడు. నాకు గుడ్డు ఉడకేసుకోవడానికి గిన్నె కూడా లేదు."

ఆమెని స్టేషన్లో దింపడానికి క్లైవ్ దగ్గర కారు లేదు, డెరెక్ దింపాడు. ఆమెని రైలెక్కించి క్లైవ్ తిరిగొచ్చేసరికి ఖాళీ ఇల్లు మరీ ఖాళీగా ఉంది. రావిరి ఫోన్ చేసి, పిట్ట పని అయ్యేదాకా క్లైవ్ ఉద్యోగం ఉంటుందో లేదో మాట ఇవ్వలేనని మొహమాటంగా చెప్పాడు. ఒక్క కారు కోసం పెళ్ళాన్నీ ఉద్యోగాన్నీ అటుపక్క పెట్టుకుని, ఇటుపక్క తను బకెట్టు మీద కూర్చున్నానని క్లైవ్‌కి అప్పుడే మొదటిసారి స్పష్టంగా తోచింది. కారు అమ్మేద్దామనుకున్నాడు. కానీ పిట్టతో సహా కొనేవాళ్ళు దొరకలేదు. కాబట్టి కూర్చున్నాడు.

రెండో విడత కూడా ఎగిరిపోగానే క్లైవ్ కారు మీద పడ్డాడు. బ్రష్‌లు అరిగిపోయాయి, దూదిపుల్లలు అయిపోయాయి, డెరెక్ ఇంట్లో దూది కూడా అయిపోయింది. ప్రతి సందులోనూ టార్చి వేసి చూశాడు. సీట్ల కింద నాలిక పెట్టి నాకినా ఫర్వాలేదన్నంత శుభ్రం చేశాడు. కారుని ఓడకి అప్పగించి, మర్నాడే విమానమెక్కాడు. ఉన్ని స్వెట్టరు మొదటిసారిగా పనికొచ్చింది.

ఉద్యోగం ఉంది. రావిరి ఏదో చేసి నిలబెట్టాడు. హిలరీ ఇల్లు తీసుకుని, బీరువా, సోఫాలు, పియానో అన్నీ సర్దుకుని స్థిమితంగా ఉంది. క్లైవ్‌తో రెండురోజులు ముక్తసరిగా మాట్లాడి, మూడోరోజు సామాన్లతో వచ్చిన కెటిల్లో టీ పెట్టిచ్చింది. కారు రేవుకి చేరిందని కబురు రాగానే తనూ వస్తానంది.

రేవులో తనిఖీ అధికారిణి పేరు గ్లెనిస్. నవ్వుమొహం మనిషి. వెనక గోడ మీద ఆ పత్రిక ముక్క అంటించి ఉంది.

"రాబిన్ గారికి ఇల్లు అద్దెకిచ్చింది మీరేనా?" అని ఆప్యాయంగా అడిగింది.

కూర్చోబెట్టి విషయం చెప్పింది. ఈ కారులో రెండు సంసారాలు పెరిగాయి. పైకి ఎంత కడిగినా చెక్క అతుకుల మధ్య ఏ నల్లి ఉందో, ఏ గింజ ఇరుక్కుందో ఎవరు చూశారు? మామూలు కారైతే పైపైన చూసి వదిలేసేవాళ్ళమే, ఈ కారు సంగతి ఊరంతా చదివింది గనక అలా కుదరదు. వెనక్కి పంపించుకోండి, లేదా విప్పి చూడడానికి ఒప్పుకోండి అంది.

వెనక్కి అన్న మాట వినగానే క్లైవ్ ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాడు. విప్పడం అంటే సీట్లు విప్పడం అనుకున్నాడు.

మెకానిక్కులు ముందు సీట్లే విప్పారు. తర్వాత కింద పరిచిన తివాచీలు, తలుపులు, కప్పు, ఆ తర్వాత చెక్క చట్రాన్ని ఒక్కొక్క అతుకు దగ్గరా ఊడదీశారు. ప్రతి ముక్కనీ తెల్లటి గుడ్డ మీద పరిచారు. గ్లెనిస్ ఒక్కో ముక్క దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టి చూసింది. క్లైవ్ మొదట్లో జాగ్రత్త, జాగ్రత్త అంటూ వెంట తిరిగాడు. మధ్యాహ్నానికి గోడవారగా బల్ల మీద హిలరీ పక్కన కూర్చుండిపోయాడు. హిలరీకి అనడానికి ఇన్ని నెలలుగా దాచుకున్నవి చాలానే ఉన్నా, ఆ మొహం చూసి ఫ్లాస్కులో టీ వంచి ఇచ్చింది.

సాయంత్రానికి తనిఖీ పూర్తయింది. గింజ లేదు, మట్టి లేదు, నల్లి లేదు, ఈక లేదు. కారుకి ప్రవేశం దొరికింది. కారు మాత్రం షెడ్డంతా పరుచుకుని ఉంది.

"దీన్ని మళ్ళీ ఎవరు బిగిస్తారండి?" అని క్లైవ్ అడిగాడు.

అది తమ శాఖ చూడదని గ్లెనిస్ వినయంగా చెప్పింది.

క్లైవ్ కదల్లేదు. హిలరీ లేచి వెళ్ళి, తెల్లగుడ్డ మీద నుంచి ఒక చెక్కముక్కని ఎత్తి, కొంగు లేని దేశం కాబట్టి స్వెట్టరు చేతితోనే తుడిచి, మొగుడి వైపు తిరిగింది.

"ఇది కుడివైపుదా, ఎడమవైపుదా?"

"ఎడమవైపుది," అన్నాడు క్లైవ్. లేచి వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

తన ఉద్యోగంలో ఇంత శుభ్రమైన కారుని విప్పించడం ఇదే మొదటిసారని, వాళ్ళు ముక్కలన్నీ లారీకెక్కించుకుని బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి గ్లెనిస్ అతన్ని మనస్ఫూర్తిగా అభినందించింది.