డెబ్బై రెండు గంటల సెగ

"నిదానంగా ఉడకనిది ఉడికినట్టే కాదు," అని అత్తగారు ప్రకటించి అప్పటికి రెండు రోజులైంది. శనగలు ఒకటే. సన్నసెగ ఆవిడది, కుక్కర్ కోడలిది.

"సెగ పెంచితే టైము తగ్గుతుంది అత్తయ్యా. మా ల్యాబంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది."

"నడుస్తోందా? ఏడాదిగా మీ పొయ్యే వెలగలేదని మొన్న నువ్వే కదే ఏడ్చావు!"

అది నిజం. భూమి ఆరు కోట్ల ఏళ్లు కాచి రాతిలోంచి చమురూ గ్యాసూ తీస్తుంది. కోడలి ప్రయోగశాలలో అదే పని డెబ్బై రెండు గంటల్లో అవుతుంది. గుప్పెడు నల్లరాతి ముక్కలు, కాసిన్ని నీళ్లు స్టీలు పాత్రలో బిగించి మూడువందల యాభై డిగ్రీల ఫర్నేస్‌లో పెడితే చాలు. (ఒక సంతకం కూడా కావాలి. భూమికి అక్కర్లేకపోయింది.)

దరఖాస్తులో 'ఈ పని ఇదివరకు ఎక్కడ, ఎంతకాలం జరిగింది?' అన్న గడి ఉంది. కోడలు నిజాయితీకి పోయి 'భూగర్భంలో, ఆరు కోట్ల సంవత్సరాలు' అని రాసింది. ఉష్ణ అనుమతుల అధికారి ఆ కాలం తాలూకు హాజరు పట్టీ అడిగారు. తొమ్మిది నెలలు దానికే పోయాయి.

ఈ శనివారంతో ఏడాది నిండుతుంది. ఏడాది పాటు వాడని యంత్రాన్ని తుక్కు కింద పంపేస్తారు. (ఎందుకు వాడలేదన్న గడి ఏ కాగితంలోనూ లేదు.) ఫర్నేస్ పోతే కోడలి నాలుగేళ్ల పని కూడా దాని వెంటే పోతుంది.

ఈ సోమవారం మధ్యాహ్నమే అధికారి పరిష్కారం చెప్పారు.

"అయిదింటికి కరెంటు కట్టేస్తామమ్మా. రోజుకు ఎనిమిది గంటలు, తొమ్మిది రోజులు. మీ డెబ్బై రెండూ వచ్చేశాయిగా?"

"మధ్యలో చల్లారితే పనికిరాదు సార్. ఆపకుండా కాగాలి."

"భూమి ఆదివారం కూడా పనిచేసిందంటారా?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

రాత్రిళ్లు ఉద్యోగి ఎవరైనా దగ్గరుంటే కరెంటు కట్టేయరట. చివరికి పద్నాలుగో నిబంధన దారి చూపింది. అయిదు దాటాక ఆడ ఉద్యోగి ఉండాలంటే ఇంటి పెద్ద ఒకరు తోడుండాలి. (కోడలికి నలభై ఎనిమిదేళ్లు. ఆ ఫర్నేస్ బిగించిందే ఆమె.) ఇంటికి పెద్ద అత్తగారే. కానీ డెబ్బై దాటిన సందర్శకులకు ఒక ఉద్యోగి తోడుండాలని పదిహేనో నిబంధన. కోడలికి తోడు అత్తగారు, అత్తగారికి తోడు కోడలు అని రాసుకున్నాక ఫైలు మొట్టమొదటిసారి తృప్తిపడింది. ఇక అత్తగారి సంతకమే తరువాయి.

కోడలు ఆ కాగితాలన్నీ తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ దాకా చదివారు.

"ఎన్నాళ్లు కాస్తావు?"

"మూడు రోజులు. ఒకటే సెగ మీద."

"మధ్యలో మూత తీయవుగా?"

"తీయనత్తయ్యా."

"పోనీలే, ఇరవై రెండేళ్లకి ఒక్కటైనా కుదురుగా వండుతున్నావు," అంటూ సంతకం గీకేశారు.

భోజనాల దగ్గర కొడుకూ మనవడూ కంచాల ముందు కూర్చున్నాక అత్తగారు గొంతు పెంచకుండా చెప్పారు.

"రేపట్నుంచి మూడు రోజులు నేనూ కోడలూ ఆఫీసులో ఉంటాం. శనగలు నానబోశాను. కుక్కర్లో పెట్టుకుంటారో, ఆరు కోట్ల ఏళ్లు ఆగుతారో మీ ఇష్టం. భయమేం లేదురా, రూల్సన్నీ చదివాను. అయిదు దాటాక పొయ్యి దగ్గర మగవాళ్లకి తోడు అక్కర్లేదట."