చిన్నవెంకటమ్మ మోకాళ్ళకు కొత్త కారు

గౌనిపల్లి రైతు మునిశామప్ప ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా సేవ చేసిన తెల్ల కారును సగౌరవంగా విశ్రాంతికి పంపాలని, ఆ స్థానంలో కొత్త కారును నియమించాలని కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది. కారణం, ఇంటి పెద్దావిడ చిన్నవెంకటమ్మ మోకాళ్ళ నొప్పి. ఈ కారణాన్ని ఇంట్లోవాళ్ళే కాదు, ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవారు. చిన్నవెంకటమ్మకు మాత్రం కాస్త ఆలస్యంగా తెలిసింది. తీర్మానం జరిగే వేళకు ఆమె కొట్టంలో ఆవులకు మేత వేస్తూ ఉంది.

తీర్మానానికి దారితీసిన పరిస్థితులను కూడా చెప్పడం న్యాయం. మునిశామప్ప కొడుకు పురుషోత్తమ్ మా ఊరి పాల సంఘంలో డైరెక్టరు. అతని తోడల్లుడు నందీశ్ కోలారు పక్కన తమకలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. పురుషోత్తమ్ తల్లినీ తండ్రినీ, భార్య సుమనూ, కాలేజీలో చదివే కూతురు అర్పితనూ తెల్ల కారులో కుక్కుకుని వెళ్ళాడు. అక్కడ బండ్లకు చోటు చూపించే మనిషి కారును ముందునుంచి వెనక దాకా ఒకసారి చూసి, షామియానా సామాను దింపుతున్న టెంపోల వైపు చెయ్యి చూపించాడు. పురుషోత్తమ్ దిగీ దిగకముందే వంటవాడొకడు పరిగెత్తుకొచ్చి పెరుగు క్యాన్లు వెనక ఉన్నాయా అని అడిగాడు.

పాల సంఘం డైరెక్టరును పెరుగు గురించి అడగడంలో తప్పేమీ లేదు. అయినా పురుషోత్తమ్‌కు ఆ రోజు ఒబ్బట్టు కూడా రుచించలేదు. నందీశ్ నల్ల కారు ఇంటి ముందర ముగ్గు పక్కనే నిలబడి ఉంది. దానికీ ఒక పూలదండ వేశారు. తిరుగు దారిలో పురుషోత్తమ్ అద్దంలో వెనక సీటు చూస్తూ వచ్చాడు. తల్లి మోకాళ్ళు వాచి ఉన్నాయన్న సంగతి ఆయన మొట్టమొదటగా గమనించింది అక్కడే.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన ఆచారం కాబట్టి తెల్ల కారు గురించీ చెబుతాను. అది టమోటా పెట్టెలను కోలారు మార్కెట్టుకు మోసింది. పట్టుగూళ్ళ మూటలు మోసింది. ఒకసారి జబ్బుపడిన దూడను పశువుల డాక్టరు దగ్గరికి మోసింది. ఆ దూడ తన్నిన సొట్ట ముందు డోరుకు చివరిదాకా ఉండిపోయింది. మా ఊళ్ళో ఇప్పుడు ఓటు హక్కు వచ్చినవాళ్ళలో సగంమంది పుట్టడానికి ముందు ఆసుపత్రికి పోయింది దాంట్లోనే. ఎడమవైపు కిటికీ అద్దం దానంతట అదే దిగేది, పైకి లేపాలంటే బయట నిలబడి రెండు అరచేతులతో నెట్టాలి. ఇంకొక సుగుణం ఏమంటే అది చాలా కిందికి ఉండేది. చిన్నవెంకటమ్మ కారుకు వీపు చూపి సీటు మీద కూర్చుని, తరవాత కాళ్ళను ఒక్కొక్కటిగా లోపలికి లాక్కునేది. ఈ సుగుణం చర్చల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

చర్చలు మాత్రం చాలా లోతుగా జరిగాయి. సలహాదారుగా పక్కింటి ఆవులప్పను పిలిచారు. ఆవులప్ప జన్మలో కారు కొనలేదు కనుక ఏ కంపెనీ మీదా ఆయనకు పక్షపాతం లేదు. పెట్టెలు పట్టే బండి కావాలన్నది మునిశామప్ప కోరిక. ఎత్తుగా, నల్లగా, ఎదుటివాడు హారన్ వినకుండానే రోడ్డు దిగేలా ఉండాలన్నది పురుషోత్తమ్ కోరిక. తన చెల్లెలి కారుకు ఉన్నట్టు పైకప్పు తెరుచుకోవాలన్నది సుమ కోరిక. అర్పిత ఫోనులో వీడియోలన్నీ చూసి భద్రతకు నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో చూడాలంది. నక్షత్రాలంటే తాను పంచాంగం చూస్తానని ఆవులప్ప హామీ ఇచ్చాడు.

మెచ్చుకోవలసిన విషయం ఏమంటే, ఇంతమంది ఇన్ని కోరికలు కోరినా ఒక్కరు కూడా తమ కోసం కోరలేదు. ప్రతిదీ చిన్నవెంకటమ్మ మోకాళ్ళ కోసమే. ఎత్తయిన సీటులో కూర్చుంటే కాలు చక్కగా చాపుకోవచ్చని పురుషోత్తమ్ చెప్పాడు. నల్ల రంగు ఎండను పట్టుకుంటుందనీ, వేడి మోకాళ్ళకు మంచిదనీ ఆవులప్ప బలపరిచాడు. పైకప్పు తెరిస్తే గాలి తగిలి అత్తకు హాయిగా ఉంటుందని సుమ అంది. వేడి మంచిదా, గాలి మంచిదా అన్న ప్రశ్న మునిశామప్పకు వచ్చింది గానీ, తన పెట్టెల సంగతి ఎక్కడ పక్కకు పోతుందోనని అడగలేదు.

కోలారు షోరూముకు అందరూ వెళ్ళారు, చిన్నవెంకటమ్మ తప్ప. మోకాళ్ళ నొప్పితో అంతదూరం ప్రయాణం ఆమెకు కష్టమని ఇంట్లో వదిలారు. షోరూము మేనేజరు వీళ్ళకు కాఫీ ఇప్పించి, నల్ల కారు బానెట్ మీద చెయ్యి వేసి ఇలా ఉపన్యసించాడు:

"ఇది కారు అనుకొంటా ఉండారు మీరు. కారు గాదు సార్. మీరు మాట్లాడకముందే మీ గురించి మాట్లాడే మనిషి ఇది. యాడికి పొయ్యినా మీకంటే ముందు ఇది దిగుతాది."

పురుషోత్తమ్ కళ్ళు చెమ్మగిల్లాయి. పెరుగు క్యాన్ల సంగతి మేనేజరుకు ఎవరూ చెప్పలేదు, అయినా ఆయన మందు సరిగ్గా గాయం మీదే వేశాడు. డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయని మునిశామప్ప అడిగితే, గోల్ఫ్ ఆడే సంచులు నాలుగు పడతాయని జవాబు వచ్చింది. గోల్ఫ్ పంట ఈ వైపు ఎవరూ వేయరు గనక మునిశామప్ప మిగిలిన కాఫీ తాగేశాడు. తెల్ల కారును అక్కడే బదులుకు ఇచ్చేశారు.

మంచి రోజు చూసి కొత్త కారు ఊళ్ళోకి వచ్చింది. షోరూములో దాని మీద ఎర్ర బట్ట కప్పి, ఆ బట్టను కుటుంబమంతా కలిసి లాగారు. మనిషంత అట్ట తాళంచెవి పట్టుకుని ఫొటో దిగారు. ఇంటి ముందర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. చిన్నవెంకటమ్మ హారతి ఇచ్చి, కుంకుమ పెట్టి, ఆ నల్ల తలుపును చేత్తో నిమిరింది. కొడుకు సాధించాడన్న సంతోషం ఆమె మొహంలో నిజంగానే ఉంది. అది చూసి పురుషోత్తమ్ తలుపు తెరిచి, ఎవరికోసం కొన్నామో వాళ్ళే మొదట ఎక్కాలని ప్రకటించాడు. ఊరు చప్పట్లు కొట్టింది.

కారు గడప ఆమె నడుము దగ్గర ఉంది.

ఆమె అలవాటు ప్రకారం వీపు చూపింది. సీటు అంచు వీపుకు తగిలింది. కుడి కాలు ఎత్తబోతే మోకాలు ఒప్పుకోలేదు, ఎడమది అసలు కదల్లేదు. పీట తెచ్చారు, చాలలేదు. సిమెంటు ఇటుకలు పేర్చారు, అవి ఊగాయి. మామిడికాయల పెట్టె బోర్లించారు, అది ఫట్‌మని విరిగింది. ఆమె పడబోతే అర్పిత వాటేసుకుని పట్టుకుంది. ఊరు చప్పట్లు ఆపి, తలుపు అంచుకు గీత పడిందేమోనని వంగి చూసింది. పడలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. లోపం ఎక్కడుందో నిర్ధారించడం అందులో ముఖ్యాంశం. కారుకు గ్యారంటీ ఉంది, మోకాళ్ళకు లేదు. కాబట్టి లోపం మోకాళ్ళదేనని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. పురుషోత్తమ్ తల్లి పక్కన కూర్చుని చాలా ప్రేమగా నచ్చజెప్పాడు.

"అమ్మా, దేశమంతా ఎక్కుతా ఉండారు ఈ కారు. నీ మోకాళ్ళు పాతబడినాయి, అంతే. ఇప్పుడు మోకాళ్ళు గూడా కొత్తవి వేస్తారు. ఆపరేషన్ చేయిస్తాము. నువ్వు ఊరికే ఉండు, అంతా నేను చూసుకొంటాను."

చిన్నవెంకటమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "నా మోకాళ్ళ కోసరమని కారు తెచ్చినారు. ఇప్పుడు కారు కోసరమని మోకాళ్ళు తెస్తారా?" అంది.

పెద్దవాళ్ళు మొదట్లో అట్లాగే అంటారని ఆవులప్ప అభ్యంతరాన్ని తోసిపుచ్చాడు. అందరూ లేచిపోయాక మునిశామప్ప ఒక్కడే భార్య దగ్గర కూర్చుండిపోయాడు. తన పెట్టెలకు చోటుంటే చాలని తాను నోరు మూసుకున్నాననీ, ఆమె సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారనుకున్నాననీ నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళు చూసుకున్నారు కదా అని ఆమె అంది.

తరవాత వారాల్లో కొత్త కారు చాలా ప్రయోజనకరంగా నడిచింది. పెండ్లిళ్ళకు వెళ్ళింది, సంఘం మీటింగులకు వెళ్ళింది, పని లేని రోజుల్లో బస్టాండు దాకా వెళ్ళి వచ్చింది. సుమ పైకప్పు తెరిచి ఒక్కసారి నిలబడింది. శ్రీనివాసపురం దారిలో ఎదురొచ్చిన ఇటుకల లారీ దుమ్మంతా లోపలికి వచ్చాక మళ్ళీ తెరవలేదు. మునిశామప్ప రెండు టమోటా పెట్టెలు పెట్టబోతే ఇల్లంతా కలిసి ఆయనకు సీట్ల బట్ట గురించి వివరించింది. పెట్టెలు బాడుగ బండిలో పోతున్నాయి.

ఇంతలో చిన్నవెంకటమ్మ కుడి మోకాలు గుమ్మడిలా వాచింది. పాలు పితకడానికి కూర్చుంటే లేవలేకపోయింది. ఆ రోజు పురుషోత్తమ్ కారు తీసుకుని చింతామణిలో పెద్దవాళ్ళు వచ్చే పెండ్లికి వెళ్ళి ఉన్నాడు. అర్పిత కాలేజీ మానేసి ఆటో పిలిచింది. ఆటో కిందికి ఉంటుంది కదా, అవ్వ వీపు చూపి కూర్చుని కాళ్ళు లోపలికి లాక్కుంది. ఎన్నాళ్ళకో అలా తేలిగ్గా ఎక్కినందుకు కొంచెం నవ్వింది కూడా.

కోలారులో వాళ్ళు వెళ్ళిన పెద్ద ఆసుపత్రి పేరు మనకు అనవసరం. గేటు దగ్గర వాచ్‌మన్ ఆటో లోపలికి రాకూడదన్నాడు. అవ్వ నడవలేదని అర్పిత చెప్పింది. నడవలేనివాళ్ళే ఇక్కడికి వస్తారని అతను జవాబిచ్చాడు, అది నిజమే. గేటునుంచి హాలు దాకా అవ్వ గోడ పట్టుకుని, మధ్యలో పూలతొట్టి అంచు మీద ఒకసారి కూర్చుని నడిచింది. హాలులో కుర్చీ దొరకలేదు. నేల మీద కూర్చుంటే పక్కన ముళబాగిలు వైపునుంచి వచ్చిన పిల్లమ్మ అనే ఆమె జరిగి గోడకు ఆనుకునే చోటిచ్చింది. ఆమెవీ మోకాళ్ళే. ఇద్దరూ కాళ్ళు చాపుకుని రాగి చేల గురించి, కోడళ్ళ గురించి చాలా మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం దాటాక డాక్టరు వెళ్ళిపోయారనీ, రేపు రమ్మనీ చెప్పారు.

అర్పిత ఇంటికొచ్చి తండ్రి మీద మండిపడింది. పురుషోత్తమ్‌కు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. "అందుకే గదా కారు కొన్నది," అన్నాడు.

మరునాడు ఆయన పనులన్నీ మానుకున్నాడు. చిన్నవెంకటమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆవులప్ప, పాల సంఘం మనుషులు ఇద్దరు కలిసి, ఉత్సవ విగ్రహాన్ని పల్లకిలోకి ఎక్కించినట్టు కారులోకి ఎక్కించారు. ఆసుపత్రి గేటు హారన్ కొట్టకముందే తెరుచుకుంది. వాచ్‌మన్, నిన్నటి వాచ్‌మనే, సెల్యూట్ కొట్టాడు. చక్రాల కుర్చీ ఎవరూ అడగకుండానే ఎదురొచ్చింది. వరసతో పని లేకుండా డాక్టరు గది తలుపు తెరుచుకుంది. షోరూము మేనేజరు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, మందులు వాడితే సరిపోతుందనీ, ఆపరేషన్ అవసరం లేదనీ, ఎత్తు మాత్రం ఎక్కకూడదనీ అన్నారు. తమ కారు ఎక్కాలంటే ఎట్లా అని పురుషోత్తమ్ అడిగాడు. డాక్టరు లేచి కిటికీలోంచి కారును చూశారు. ఆ రంగు దొరకడానికి ఎన్ని నెలలు ఆగాల్సి వచ్చిందని వాకబు చేశారు. తరవాత కూర్చుని, అట్లయితే మోకాళ్ళు మార్చే సంగతి ఆలోచిద్దాం అన్నారు.

తిరిగి హాలులోంచి వస్తుంటే గోడ దగ్గర నేల మీద పిల్లమ్మ ఉంది. చిన్నవెంకటమ్మ ఆమెను చూసి పలకరించబోయింది. పిల్లమ్మ చక్రాల కుర్చీనీ, దాని వెనక వస్తున్న తెల్ల చొక్కా డైరెక్టరునీ చూసి, తలవంచి, చాపిన కాళ్ళను రెండు చేతులతో ముడుచుకుని దారి ఇచ్చింది. ఎవరికి ఇచ్చిందో ఆమె చూడలేదు.

ఊళ్ళో మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీలో దించాక, చిన్నవెంకటమ్మ మెట్టు మీద కూర్చుని కొడుకును పిలిచింది.

"మార్పించప్పా మోకాళ్ళు," అంది. "మందులతో తగ్గుతాదని డాక్టరు చెప్పినాడు గదవ్వా," అంది అర్పిత. "నొప్పిదేముంది తల్లీ, ఓర్చుకొంటాను. ఆ కారు ఎక్కలేకపోతే ఆ గేటు తియ్యరు. గోడ పట్టుకొని ఇంగొకసారి నడిచేకి నాతో కాదు."

ఆమె మనసు మార్చుకున్నందుకు ఇంటిల్లిపాదీ సంతోషించింది. కారు వచ్చిన వేళావిశేషం అని ఆవులప్ప అన్నాడు. ఆపరేషన్‌కు మంచి రోజు కూడా ఆయనే చూశాడు. మా ఊళ్ళో ఇంకా రెండు మూడు ఇళ్ళలో ఇప్పుడు నల్ల కారు ఆలోచన సాగుతోంది. ఆ ఇళ్ళ ముసలివాళ్ళ మోకాళ్ళు దురదృష్టవశాత్తు ఇంకా బాగానే ఉన్నాయి కాబట్టి వేరే కారణం వెతుకుతున్నారు.

ఆపరేషన్ రోజు మీరు కోలారు వైపు వస్తే, ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగి గోడ పట్టుకుని నడిచే ముసలమ్మలు ఒకరిద్దరు కనిపిస్తారు. వెనక మా ఊరి బండి వస్తోందని చెప్పి, కాస్త పక్కకు జరగమనండి. లేదా మీకు ఆ శ్రమ వద్దు. బండిని చూడగానే వాళ్ళే జరుగుతారు. మీరూ జరుగుతారు.