దానంతట అదే నడిచే ఇల్లు

నిడదవోలు మెరకవీధిలో ఇళ్లను వ్యవస్థలుగా నమోదు చేయడం సోమవారం మొదలైంది. ఇంటింటికీ గీసే పటంలో గీత బయట మిగిలినవాళ్లు ముద్ర పడగానే ఇంట్లోవాళ్లకు కనిపించడం మానేస్తారు, అంతకు మించి ఇబ్బందేమీ లేదు.

పదకొండో నంబరు ఇంటికి వచ్చిన ఉద్యోగి పేరు గవర్రాజు. వరండాలో కుర్చీ వేయించుకుని పటం గీశాడు. లోపలికి వచ్చేవి: బియ్యం, కూరలు, పాలు, గ్యాసు. బయటికి వెళ్లేవి: ఇస్త్రీ చొక్కాలో పుల్లారావు, అతని చేతిలో క్యారేజీ. అదుపు చేసేది పుల్లారావు తల్లి సుందరమ్మ. తయారైనదాన్ని చూసి లోపం చెప్పే పని పుల్లారావు ఇరవై ఏళ్లుగా రెండుపూటలా చేస్తున్నాడు గనక ఆ గడి వెంటనే నిండింది.

"మరి బియ్యం క్యారేజీలోకి అన్నమై ఎలా వెళ్తోందండీ?" అన్నాడు గవర్రాజు.

పుల్లారావుకు ఈ ప్రశ్న కొత్త. "అదలా అయిపోద్దండి."

"కుక్కరుందిగా బాబూ," అంది సుందరమ్మ.

గవర్రాజు కుక్కరు అని రాసుకున్నాడు. మంచినీళ్లు తెచ్చిన పుల్లారావు భార్య రేణుక పటంలోకి తొంగిచూసింది. తన పేరు లేదు.

"నేనెక్కడొస్తానండీ?"

"ఒక భాగాన్ని తీసేస్తే వ్యవస్థ ఆగాలమ్మా. అప్పుడే అది భాగం. రేపొక్కరోజు ఎటైనా వెళ్లిరండి. ఇల్లు ఆగితే మీ పేరెక్కిస్తాను. ఆగకపోతే నా చేతుల్లో లేదు."

రేణుక డిగ్రీ చదివింది. ఏమీ చేయకుండా ఉంటే గట్టెక్కే పరీక్ష ఆమె ఎన్నడూ రాయలేదు. అయితే ఊరెళ్లే ముందు చేసే పనులు చేతులకు అలవాటైపోయాయి. పిండి రుబ్బింది. చొక్కాలు ఇస్త్రీ చేసి తగిలించింది. అత్తగారి మాత్రలు పూటలవారీగా పొట్లాలు కట్టింది. పొద్దున్నే పులిహోర కలిపి క్యారేజీ సర్ది, అప్పుడు బస్సెక్కింది.

మంగళవారం పుల్లారావు రోజూకంటే ఐదు నిమిషాల ముందే బయల్దేరాడు. సాయంత్రం గవర్రాజు వచ్చి విచారించి, తిరిగొచ్చిన రేణుకతో "ఎక్కడా ఆగలేదమ్మా," అని నిజంగానే నొచ్చుకుంటూ ముద్ర వేశాడు.

గురువారానికి పిండి అయిపోయింది. పుల్లారావు ఖాళీ గిన్నెకేసి చూసి, వ్యవస్థ ఆగిందని ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. ఫిర్యాదు అందితే మళ్లీ పరీక్ష ఉంటుంది, ఈసారి రేణుక పేరు ఎక్కి తీరుతుంది. రేణుక అతని వెనకే నిలబడి మొదటి వాక్యం చదివింది. బాగానే రాస్తున్నాడు. అతను పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది.

స్టవ్ మీద ఉప్మా కనబడగానే పుల్లారావు కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. ఉప్పు తగ్గిందని మాత్రం గోడకు చెప్పాడు.

మర్నాడు పెరట్లో పక్కింటి మంగతాయారు బట్టలు ఆరేస్తూ పలకరించింది. గీత బయటివాళ్లు ఒకరికొకరు బాగానే కనిపిస్తారు.

"ఎలా ఉంది వదినా మీ ఇల్లు?"

"దానంతట అదే నడుస్తోంది. మీదో?"

"మాదీ అంతే. మా ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు."